నడిచే మనిషిని వెనకనుంచి పిలిస్తే

వాడి కబీర్

ఉదయం ఏడుంబావుకు వాడి కబీర్‌లో మా మరిది ఉండే బిల్డింగు కింద స్కూలు బస్సు ఆగి హారన్ కొట్టింది. మేము మస్కట్‌లో దిగింది ముందురోజే. మనవరాలు బస్సెక్కడం బాల్కనీలోంచి చూద్దామని మా అత్తమ్మ సోఫాలోంచి లేచింది. హాలు సగం దాటకముందే వంటింట్లోంచి తోడికోడలు లలిత, "అత్తమ్మా జాగ్రత్త, ఇప్పుడే తడిగుడ్డ పెట్టినా" అంది. బాత్రూం తలుపు తీసుకుని బయటికొస్తూ మరిది ప్రసాద్, "అమ్మా, యాడికి?" అన్నాడు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న పిల్ల, "జేజీ, బై" అని చెయ్యి ఊపింది. ఆమె ముగ్గురికీ జవాబు చెప్పబోయింది. ముగ్గురి వైపూ తిరగబోయింది. తూలి, టీవీ బల్ల పట్టుకుని నిలబడింది.

"చూసినావా వదినా, అమ్మ నిలబడలేకపోతాంది" అన్నాడు ప్రసాద్.

నేను చూసింది అది కాదు. సొంతంగా నడుస్తున్న మనిషిని ముగ్గురు మూడు వైపులకు లాగడం చూశాను. వచ్చిన మొదటి రోజే గొడవెందుకని ఊరుకున్నాను.

అత్తమ్మకు డెబ్భై తొమ్మిదేళ్ళు. ప్రొద్దుటూరులో మా ఇంటి నేల కడప రాయి. నున్నగా ఉండదు, మెరవదు, కాలు పెడితే పట్టుకుంటుంది. ఆ ఇంట్లో, ఆ సందులో ఆమె ఏనాడూ ఎవరి చెయ్యీ అడగలేదు. పోయిన ఏడు పెద్ద కొడుకు, అంటే మా ఆయన, చనిపోయాక ఆమె మాట తగ్గింది గానీ నడక తగ్గలేదు. కొన్నాళ్ళు చోటు మారితే మంచిదని ప్రసాద్ పట్టుబట్టి మమ్మల్ని ఒమాన్ పిలిపించుకున్నాడు. ఏటి సూతకంలో సముద్రం దాటడమేమిటని బంధువులు అన్నారు. ఏడాది తిరిగేదాకా కొండ మీది దేవుడి దగ్గరికి పోకూడదు గానీ కొడుకింటికి పోవచ్చునని ఆమే తేల్చింది.

ఆమె అలవాటు ఒకటి చెప్పాలి. మా వైపు బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు. తప్పనిసరైతే "ఎందాకా?" అంటారు. వెనకనుంచి పిలవనే పిలవరు. పిలిస్తే ఆ మనిషి ఆగాలి, వెనక్కి రావాలి, కాసేపు కూర్చుని గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. ఈ కాలంలో ఇది పాటించేవాళ్ళు తక్కువ. అత్తమ్మకు మాత్రం చిన్నప్పుడే ఒంట్లో ఇంకిపోయింది. వెనకనుంచి పిలుపు వినపడితే ఆలోచించదు. ఠక్కున ఆగి మొత్తం మనిషి తిరుగుతుంది. అలా తిరగడంలోనే తూలుతుంది.

ఇది నాకు కొత్తగా తట్టిన సంగతి కాదు. మా ఆయన పడింది కూడా అలాగే. ఆపరేషను అయ్యి కోలుకుంటూ ఆసుపత్రి వరండాలో నడుస్తున్నాడు. అప్పుడే తుడిచిన గ్రానైటు. వెనకనుంచి ఎవరో వార్డుబాయ్, "పెద్దాయనా, ఏ రూమూ?" అని కేకేశాడు. ఆయన మర్యాదస్తుడు, తిరిగి జవాబు చెప్పబోయాడు. తుంటి విరిగింది. ఆ మంచం మీదనుంచి లేవలేదు. డాక్టర్లు వయసన్నారు. బంధువులు వయసన్నారు. ఆయనకు అరవై. వయసు ఆయన్ను పడెయ్యలేదు. తడి నేల, ఒక కేక పడేశాయి. ఆ మాట నేను ఎవరికి చెప్పినా నా చెయ్యి నిమిరి వెళ్ళిపోయేవాళ్ళు.

వాడి కబీర్‌లో ఆ వారమంతా పరామర్శలు. తెలుగువాళ్ళు, పిల్లల స్కూలు ద్వారా పరిచయమైనవాళ్ళు, సాయంత్రాలు పండ్లు తీసుకుని వచ్చేవాళ్ళు. మంచివాళ్ళే. కానీ ఆమె గదిలోంచి హాల్లోకి వస్తుండగానే, ఇంకా కూర్చోకముందే, "ఎట్లా జరిగిందమ్మా?" అని మొదలుపెట్టేవాళ్ళు. ఆమె హాలు మధ్యలో, పట్టుకోవడానికి ఏమీ లేనిచోట, ఆగిపోయేది. కొడుకు చావు గురించి చెబుతూ అడుగు వెయ్యడం ఎవరి వల్ల అవుతుంది?

ఖురం

శుక్రవారం సెలవు. ప్రసాద్ మమ్మల్ని ఖురంలో ఒక పెద్ద మాల్‌కు తీసుకెళ్ళాడు. అక్కడి నేలను నేను మర్చిపోలేను. పాలరాయో మరేదో, పైకప్పులోని దీపాలన్నీ కిందకూడా వెలుగుతున్నాయి. అత్తమ్మ గుమ్మం దగ్గర ఆగి, కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని, బొటనవేలితో నేలను తాకి చూసింది. నీళ్ళనుకుంది. పక్కనున్న ఇద్దరు పిల్లలు నవ్వారు. లలితకూ నవ్వొచ్చింది, ఆపుకుంది.

నాకు నవ్వు రాలేదు. చూపు మందగించిన మనిషికి ఆ నేల నీళ్ళలాగే ఉంటుంది. కళ్ళు ఒకటి చెబుతాయి, కాళ్ళు ఒకటి చెబుతాయి, రెంటికీ తీర్పు చెప్పడానికి బుర్ర అంతా అక్కడే పెట్టాలి. అలాంటి నేల వేసినవాడికి తల్లి లేదా? మెరుపు కోసం ఇన్ని దేశాల్లో ఇంత ఖర్చు పెడతారు, గోడ పొడుగునా పట్టుకోవడానికి ఒక కమ్మీ పెట్టరు. ఇది ఒమాన్ తప్పు కాదు. మా ఊళ్ళో కొత్తగా కట్టిన నగల షాపులూ ఇంతే.

సాయంత్రం సముద్రం పక్కన పార్కులో కూర్చున్నాం. పక్క బెంచీ దగ్గర చక్రాల కుర్చీలో ఒక ఒమానీ ముసలావిడ, ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా, గోరింట చేతులు. కుర్చీ తోస్తున్నావిడ మా మాట విని కుర్చీతో సహా పరుగున వచ్చింది. పేరు రమణమ్మ, రాయచోటి దగ్గర పల్లె, ఖురంలోనే ఒక ఇంట్లో పనిచేస్తుంది. కడప జిల్లా మనుషులు దొరికినందుకు ఆమె పడిన సంబరం చూస్తే మాకే సిగ్గేసింది.

ముసలావిడను చూపించి, "పోయినేడు దాంక నడిచేది అవ్వా" అని అత్తమ్మకు చెప్పింది. "ఎస్కలేటర్ కాడ ఒక్క తూరి తడబడింది. అంతే, కొడుకులు కుర్చీ తెచ్చిరి."

"ఇప్పుడో?" అంది అత్తమ్మ.

"ఇప్పుడు నిలబెట్టాలంటే ఇద్దరం పట్టాల. అబద్ధమెందుకు, నాకైతే సుఖమే. నడిచేటప్పుడు పానం గుప్పిట్లో పెట్టుకోని ఎనకెనకే తిరుగుతాంటి. ఈ కుర్చీ తోసి తోసి నేను సన్నబడితి, ఆయమ్మ లావైపాయ."

ముసలావిడ చెయ్యి చాపి అత్తమ్మ మోకాలి మీద వేసి ఏదో అంది. రమణమ్మ చెప్పింది, నీ కాళ్ళు మంచివి అంటోందట. అత్తమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు ఉంచుకుంది. ఇంటికి వస్తుంటే కార్లో ఒక్క మాటంది. "ఒక్క తూరి తడబడిన దానికా?"

హమ్రియా

అత్తమ్మకు అడుగు పట్టే చెప్పులు కొందామని హమ్రియా బజారుకు వెళ్ళాం. మాల్‌లో నడవలేని మనిషి ఇక్కడ హుషారుగా నడిచింది. ఇరుకు దారులు, చేతికందే గోడలు, అడుగడుగునా తెలిసిన వస్తువులు, ఆగి కూర్చోవడానికి అరుగుల్లాంటి మెట్లు. ఒక కొట్లో చిక్కగా మరిగించిన కరక్ చాయ్ తాగాం. అక్కడి చిల్లర, వంద బైసాలు. మన లెక్కలో ఎంతో చెబితే అత్తమ్మ గ్లాసు కింద పెట్టేస్తుందని మేం ఎవరమూ చెప్పలేదు.

చెప్పుల కొట్టు బయట మల్లేశం కలిశాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి, ఏదో సైట్‌లో తాపీ పని, ఆరోజు డ్యూటీ లేదు. జరీ అంచు చీరలో నడిచి వస్తున్న ముసలావిడ కనిపించేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. పక్కనే నడుస్తూ, ఏ ఊరు పెద్దమ్మా, ఎప్పుడొచ్చిన్రు, మా అమ్మ లెక్కనే ఉన్నవ్, ఆమెను చూసి మూడేండ్లాయె అని ఒకదాని మీద ఒకటి. అత్తమ్మ ఒక్కొక్కదానికి ఆగి జవాబు చెబుతోంది. మళ్ళీ నడుస్తోంది. ఫుట్‌పాత్ అంచు దగ్గర ఒక కాలు కిందికి దించబోతుండగా అతను అడిగాడు.

"కొడుకులెంతమంది పెద్దమ్మా?"

ఇద్దరనాలా, ఒకడనాలా? దించబోయిన కాలు ఎక్కడ పెట్టాలో మర్చిపోయింది. నేను అందుకునే లోపే పక్కకు పడిపోయింది.

ఎముకలు విరగలేదు. మోకాలు, అరచెయ్యి గీసుకుపోయాయి. మల్లేశం ఆమె కంటే ఎక్కువ భయపడ్డాడు. నీళ్ళు తెచ్చాడు, తన తువ్వాలు తడిపి చెయ్యి తుడిచాడు. "నా నోటికి ఏం రోగమొచ్చిందమ్మా, ఊకె అడిగిన" అని ఏడ్చాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతను ప్రేమగా అడిగాడు. కానీ ప్రేమగా అడిగినా మనిషి పడుతుంది.

రువిలో క్లినిక్

ప్రసాద్ ఆ సాయంత్రమే రువిలో ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాడు. డాక్టరు మన దేశం మనిషే, హిందీలో మాట్లాడాడు. దెబ్బలకు మందు రాసి, తలుపు దాకా నడిచి వెనక్కి రమ్మన్నాడు. ఆమె బాగానే నడిచింది. మళ్ళీ నడవమన్నాడు, ఈసారి నడుస్తూ జవాబులు చెప్పమన్నాడు. ఇవాళ ఏ వారం, ఏ నెల, తేదీ గుర్తుందా. హిందీ ఆమెకు రాదు. ప్రసాద్ వెనకనుంచి గట్టిగా తెలుగులో చెబుతున్నాడు. చెప్పినప్పుడల్లా ఆమె ఆగి, కొడుకు వైపు తిరిగి, జవాబిచ్చి, తూలింది. డాక్టరు తలాడించి, బ్యాలెన్సు పోయింది, ఒంటరిగా వదలొద్దు, చక్రాల కుర్చీ వాడండి అన్నాడు. అంతా కలిపి చాయ్ తాగినంతసేపు పట్టలేదు.

ఆ పరీక్షను తప్పుపట్టను. పెద్దవాళ్ళను మాట్లాడిస్తూ నడిపించి చూస్తారని నేనూ చదివాను. మా ఆయన పోయాక నేను చదివింది ఎక్కువగా అదే. వయసులో ఉన్నప్పుడు నడక దానంతటదే సాగుతుంది, వయసు మళ్ళాక నడక కూడా ఒక ఆలోచన. దానిలోంచి కొంత తీసి మాటకు పెడితే అడుగు తగ్గుతుంది. భయం పెట్టినా తగ్గుతుంది, దుఃఖం పెట్టినా తగ్గుతుంది. పరీక్ష చెప్పింది అదే. మాట్లాడుతూ నడవలేకపోతోంది అంటే ఆపాల్సింది మాటలు. వీళ్ళు నడక ఆపారు.

ఇంటికి రాగానే ప్రసాద్‌తో ఆ మాటే అన్నాను. "మేం నోరు మూసుకుంటే అమ్మ పడదా వదినా?" అన్నాడు వెటకారంగా. పడొచ్చు, కానీ కూర్చోబెడితే ఖాయంగా పోతుందన్నాను. ఖురంలో చూశావు కదా అన్నాను. అతను, "అన్న పోయినాడు. ఇంకొకర్ని పోగొట్టుకోలేను" అన్నాడు. మర్నాడు కుర్చీ వచ్చింది. ప్రొద్దుటూరుకు కూడా ఒకటి పంపిస్తానని, తోయడానికి మనిషిని పెట్టిస్తానని చెప్పాడు.

అత్తమ్మ కుర్చీలో కూర్చుంది. కొడుకు కొన్నాడు కాబట్టి కూర్చుంది. మూడో పూటకే మంచినీళ్ళు కావాలంటే ఎవరైనా ఇటు వస్తారేమోనని చూడటం మొదలుపెట్టింది. ఆమె ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ చూపు చూసి నాకు వచ్చిన కోపం ఇక్కడ రాయలేను.

మిస్ఫా

తిరుగు ప్రయాణానికి ముందు మమ్మల్ని నిజ్వా దాటి మిస్ఫా అనే కొండ ఊరికి తీసుకెళ్ళాలని ప్రసాద్ ఎప్పుడో అనుకున్నాడు. దారిలో రఖాల్ అనే రొట్టె తిన్నాం. కాగితమంత పల్చన, పెనం మీద చేత్తో పులిమి తీస్తారు. అత్తమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, మా అమ్మ పోసే దోసె ఇట్లే ఉండేదంది.

మిస్ఫాలో రాతి ఇళ్ళు, కింద మెట్లు మెట్లుగా ఖర్జూర తోటలు. తోటలకు ఫలజ్ అనే సన్న కాలవ ఊరి గుండా పారుతుంది. కాలవ పక్కనే దారి, ఒకవైపు గోడ. కుర్చీ డిక్కీలో ఉంది గానీ ఆ దారిలో పోదు. "నువ్వు కార్లోనే ఉండమ్మా" అన్నాడు ప్రసాద్. అత్తమ్మ, "ఈ కొండ మీద దేవుడుండాడా?" అని అడిగింది. లేడన్నాను. "అయితే ఎక్కచ్చు" అని దిగింది.

నేను లలితకూ ప్రసాద్‌కూ ఒకటే చెప్పాను. ఆమె నడిచినంతసేపు ఎవరూ నోరు విప్పకూడదు.

చెప్పులు విడిచి చేత పట్టుకుంది. ఒక చెయ్యి గోడకు ఆనించింది. ఆమె పెన్న ఒడ్డున వరి పండించే ఇంట్లో పుట్టింది, గట్ల మీద నడిచి పెరిగింది. ఆ రాళ్ళు గరుకుగా ఉన్నాయి, మెరవడం లేదు, నీళ్ళు నీళ్ళున్నచోటే ఉన్నాయి. మెల్లగా, నిబ్బరంగా నడిచింది. మేము వెనక నడిచాం.

ఎదురుగా చేతికర్రతో ఒక ముసలాయన వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు. కర్ర గట్టిగా ఆనించి, గోడ వైపు జరిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చెప్పాడు. వచ్చీరాని హిందీలో ఆరోగ్యం అడిగాడు, ఇంటివాళ్ళ క్షేమం అడిగాడు, విశేషాలడిగాడు. అన్నీ ఆగే అడిగాడు. ఆమె కూడా ఆగి, నవ్వి, దండం పెట్టింది. మన దగ్గర నడుస్తూ నడుస్తూ ప్రశ్నలు విసురుతాం, జవాబు వినకుండానే దాటిపోతాం. ఇక్కడ పలకరింపు పొడవే, కానీ నిలబడి చేస్తారు.

ఆయన దారి ఇచ్చాడు. ముందు మెట్లున్నాయి. అత్తమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయింది. ప్రసాద్ తట్టుకోలేకపోయాడు.

"అమ్మా!"

ఆమె తిరిగింది. ఒక కాలు కాలవలోకి జారింది. గోడ వదల్లేదు, చీలమండ లోతు నీళ్ళలో నిలబడే ఉంది. పట్టుకుందామని దూకిన ప్రసాద్ బూటు తడి రాతి మీద జర్రున జారి, కాలవలో వెల్లకిలా పడ్డాడు. ముసలాయన కర్ర అందించి లేపాడు. ప్రసాద్ చొక్కాలోంచి నీళ్ళు కారుతున్నాయి.

అత్తమ్మ కొడుకును పైనుంచి కిందికి చూసింది. "ఈయప్పకు గూడా ఒక కుర్చీ తెప్పీ లలితా" అంది. లలిత కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు, ఆ ఏడాదిలో మొదటిసారి గట్టిగా నవ్వాను.

నవ్వులయ్యాక ఆమె మెట్టు మీద కూర్చుంది. కూర్చుని, మెల్లగా చెప్పింది.

"నడిచేటప్పుడు పిలవాకు నాయనా. నువ్వు పిలిస్తే తిరగకుండా ఉండలేను. నన్ను అమ్మా అనేది ఇంక నువ్వొక్కడివే గదా."

ప్రసాద్ తడి బట్టలతోనే ఆమె పక్కన కూర్చున్నాడు.

ముసలాయన మమ్మల్ని తన ఇంటికి పిలిచాడు. చాప మీద కూర్చునేదాకా, ఖర్జూరాలు తినేదాకా ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత చిన్న గిన్నెల్లో పాలు లేని కాఫీ పోశారు, యాలకుల వాసన. చాలనుకుంటే గిన్నె అటూ ఇటూ ఊపాలట. మాకా సంగతి తెలియదు. పెట్టింది వదలకూడదని అత్తమ్మ తాగుతూ పోయింది, వాళ్ళు పోస్తూ పోయారు. చివరికి ముసలాయనే నవ్వుతూ ఊపి చూపించాడు. వచ్చిన దారినే ఆమె కారు దాకా నడిచి వచ్చింది. ఈసారి ప్రసాద్ ముందు నడిచాడు. వెనక్కి తిరిగి చూశాడు గానీ పిలవలేదు.

తిరిగి వచ్చాక

మస్కట్ విమానాశ్రయంలో నేల మళ్ళీ నీళ్ళలా మెరుస్తోంది. అత్తమ్మ దాన్ని చూసి తనే కుర్చీ అడిగింది. "ఈడ కూచ్చుంటా. ఊళ్ళో మాత్రం నడుస్తా" అని కొడుకుకు చెప్పింది. అతను సరేనన్నాడు. ప్రొద్దుటూరుకు కుర్చీ పంపించే మాట మళ్ళీ ఎత్తలేదు. కుర్చీ తోసిన అబ్బాయి మర్యాదగానే ఉన్నాడు, కానీ ఆమెకు నీళ్ళు కావాలా అని నన్ను అడిగాడు. కుర్చీలో కూర్చున్న మనిషికి చెవులుండవు కాబోలు. ఆమెనే అడగమన్నాను.

ఊరికి వచ్చిన వారానికి మా ఆయన పడిన ఆసుపత్రికి వెళ్ళాను. రోగులు నడిచే వేళ వరండా తుడవొద్దని, నడిచేవాళ్ళను వెనకనుంచి కేకెయ్యొద్దని, గోడకు కమ్మీ పెట్టించమని అక్కడి మేనేజరుకు చెప్పాను. ఆయన కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, వయసైనవాళ్ళు కదమ్మా, జరుగుతుంటాయి అన్నాడు. నేను లేచి వస్తుంటే వరండా తుడుస్తున్నారు. డ్రిప్పు స్టాండు పట్టుకుని ఒక పెద్దాయన నడుస్తున్నాడు. వెనకనుంచి ఎవరో ఆయన్ను పేరు పెట్టి గట్టిగా పిలిచారు. నేను పరుగెత్తి ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. పిలిచినామె నన్ను వింతగా చూసింది.

అక్కడ ఏమీ మారలేదు. మళ్ళీ వెళ్ళి చెబుతాను, కాయితం మీద రాసి ఇస్తాను, వయసన్న మాట మాత్రం ఇంక వినను.

ప్రసాద్ రోజూ ఫోన్ చేస్తాడు. అమ్మ నడుస్తోందని నేనంటే, కూర్చున్నాక ఫోన్ ఇమ్మని పెట్టేస్తాడు. మా ఇంట్లో నడిచే మనిషిని ఇప్పుడు ఎవరూ వెనకనుంచి పిలవడం లేదు.